మాటయు, విశ్వాసమును: ఒక సంఘము గడపిన యేడాది

(మన సమాజ వార్షిక సభయందు, కోలారు బంగారు గనుల ప్రాంతమునుండి విచ్చేసిన ఒక క్రైస్తవ సంఘ కాపరిగారు చేసిన ఉపన్యాసపు పాఠము)



ఆదివారమున మందిరములో మాటలాడుట నాకు అలవాటే గాని, అన్ని మతములవారును కూర్చున్న యిట్టి సభలో మాటలాడుట అలవాటు లేదు. కార్యదర్శిగారు నన్ను పిలిచినప్పుడు, “అయ్యా, నేను పండితుడను కాను, భాషాశాస్త్రము ఎరుగను, సభకు ఏమి చెప్పగలను?” అని వెనుదీసితిని. అందుకు వారు, “మీ సంఘమునకు ఈ యేడు ఏమి జరిగినదో ఉన్నదున్నట్లు చెప్పుడు, అది చాలును” అనిరి. కనుక నేను చెప్పబోవునది ఉపన్యాసము కాదు, ఒక చిన్న సంఘము ఒక యేడాదిలో పడిన పాట్లు. అందు నా తప్పు కూడ ఒకటి కలదు. దానిని దాచి చెప్పినచో కథ నిలువదు.

మొదట మా ఊరిని గూర్చి రెండు మాటలు. కోలారు బంగారు గనులను 1880లో జాన్ టేలర్ కంపెనీవారు చేపట్టిరి. 1902లో కావేరిపైనున్న శివనసముద్రమునుండి విద్యుచ్ఛక్తి మా గనులకు వచ్చెను. ఆనాటికి దేశములోని పెక్కు పట్టణములకు దీపములు లేవు. గనుల లోతు 3 కిలోమీటర్లకు మించినది. ఆ లోతునకు దిగి రాయి కొట్టుటకు వచ్చినవారిలో పెక్కుమంది తమిళులు. వారితో పాటు నేటి చిత్తూరు ప్రాంతమునుండి వచ్చిన తెలుగువారును కలరు. మా తాతముత్తాతలు అట్లు వచ్చినవారే. మూట నెత్తిన పెట్టుకొని, కొందరు కాలినడకను, కొందరు రైలులోను వచ్చిరి. కంపెనీవారు కట్టించిన లైన్లలో, ఒకే గోడకు అటు తమిళము, ఇటు తెలుగు, బజారులో కన్నడము, గని కార్యాలయములో ఇంగ్లీషు వినుచు మా వారు నాలుగు తరములు గడపిరి.

ఆ గనులు 1956లో మైసూరు ప్రభుత్వము చేతికిని, తరువాత కేంద్రము చేతికిని వచ్చినవి. 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. పంపులు ఆగిపోగా లోపలి సొరంగములు నీటితో నిండిపోయినవి. పైన మిగిలినవి సైనైడు దిబ్బలు, తుప్పుపట్టిన షాఫ్టు చట్రములు, లైన్ల ఇండ్లు, మేము. ఈనాడు మా యూరి యువజనులు తెల్లవారక మునుపే రైలెక్కి సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న బెంగళూరునకు పనికి పోవుదురు; చీకటి పడిన తరువాత ఇల్లు చేరుదురు. పూర్వము తాతలు పగలంతయు భూమి క్రింద ఉండి సూర్యుని చూడలేదు. ఇప్పుడు మనుమలు భూమి పైననే యుండియు తమ యూరి పగటివెలుగును వారమునకు ఒక్క నాడు మాత్రమే చూచుచున్నారు. ఆ ఒక్క నాడు ఆదివారము.

మా సంఘము చిన్నది. గనులు నడచిన కాలములో మందిరము చాలక జనులు వాకిట నిలుచుండెడివారని పెద్దలు చెప్పుదురు. ఇప్పుడు బల్లలు సగము ఖాళీ. కొందరు బెంగళూరునకే కాపురము మార్చిరి. కొందరు కుప్పము వైపునకు తిరిగి పోయిరి. మిగిలినవారు వృద్ధులు, బడిపిల్లలు, తెల్లవారి రైలెక్కువారు. ఆరాధన తెలుగుననే జరుగును. పాడునవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. చదువునది తెలుగు బైబిలు. ఇది ఎన్నడును మారలేదు. మారవలెనని ఎవరును అడుగలేదు. ఈ యేడు అడిగిరి.

నా తప్పుతో మొదలుపెట్టెదను. మట్టలాదివారమునాడు వాక్యభాగము చదువుటకు పదునాలుగేండ్ల పిల్లవానిని పిలిచితిని. వాడు కన్నడ బడిలో చదువుచున్నాడు. బుద్ధిమంతుడు, గొంతు మంచిది. వాడు పుస్తకము ముందు నిలువబడి మొదటి మాటవద్దనే ఆగెను. రెండవ మాటను తప్పుగా చదివెను. మూడవ మాటకు తల వంచెను. నేను ఓర్పు పట్టలేక, మైకు ముందరనే, “తెలుగు తల్లి కడుపున పుట్టి తెలుగు అక్షరము రాదా నీకు?” అంటిని. జనులు నవ్విరి. నేనును నవ్వితిని. వాడు పుస్తకము మూసి తన చోటికి పోయి కూర్చుండెను.

ఈస్టరు పండుగకు వాడు రాలేదు. వాని స్నేహితులు ముగ్గురు రాలేదు. పండుగ సందడిలో నేను దానిని పెద్దగా పట్టించుకొనలేదు.

పండుగ గడచిన రెండవ వారమున సంఘ పెద్దలకు ఒక ఉత్తరము వచ్చెను. అది కన్నడములో వ్రాయబడినది. క్రింద 14 మంది యువజనుల సంతకములు. మొదటి సంతకము ఆ పిల్లవాని అక్కది. ఆమె బెంగళూరులో ఒక దుకాణములో లెక్కలు వ్రాయును. ఉత్తరములో కోపము లేదు. వారు అడిగినది ఒకటే: ఆరాధనను కన్నడమునకు మార్చవలెను, లేదా కన్నడములో వేరొక ఆరాధన జరుపవలెను. ఏలయన, “మేము వినుచున్నాము గాని గ్రహించుటలేదు, నిలుచుచున్నాము గాని పాడుటలేదు” అని వ్రాసిరి.

పెద్దల సభ పిలిచితిమి. ఆ సభ నేనెరిగిన సభలన్నిటిలో కఠినమైనది. గనిలో కొయ్యపని చేసి విశ్రాంతి తీసికొన్న పెద్దాయన ఒకరు లేచిరి. ఆయనకు కుడిచేతి రెండు వ్రేళ్లు గనిలోనే పోయినవి. ఆయన ఇట్లనిరి: “గని పోయింది. కొలువు పోయింది. పిల్లలు రైలెక్కి పోయినారు. మాకు మిగిలింది ఈ పాట ఒక్కటే. దాన్ని గూడా ఇచ్చేయమంటారా?” ఎవ్వరును మాటలాడలేదు.

అప్పుడా పిల్ల లేచి నిలువబడి మెల్లగా చెప్పెను: “తాతా, మీరు పాడతా ఉంటే నాకూ ఇష్టమే. చిన్నప్పుడు మీ పక్కనే కూర్చొని విన్నాను. కానీ అందులో సగం మాటలకు నాకు అర్థం తెలీదు. రేపు నాకు కష్టం వస్తే నేను ఏ మాటతో దేవుణ్ణి పిలవాలి? తెలియని మాటతోనా?”

సభాసదులారా, ఆ పెద్దాయన మాటకు నా యొద్ద జవాబు లేదు. ఈ పిల్ల మాటకును లేదు. ఇద్దరును సత్యమే చెప్పిరి. ఒకరు ఒప్పు, ఒకరు తప్పు అయినచో తీర్పు చెప్పుట సులభము. ఇరువురును ఒప్పైనప్పుడే కాపరి పని మొదలగును. ఆ రాత్రి తీర్మానము ఏదియు చేయకయే ప్రార్థన చేసి లేచితిమి.

ఇంటికి పోయి నెహెమ్యా గ్రంథము తెరచితిని. చెరనుండి తిరిగి వచ్చిన జనులను గూర్చిన గ్రంథమది. దాని కడపటి అధ్యాయములో నెహెమ్యా తన జనుల పిల్లలను చూచును. వారు సగము అష్డోదు భాష మాటలాడుచు, తమ తండ్రుల భాష మాటలాడనేరక యుందురు. ఆయనకు కోపము వచ్చును. తండ్రులను శపించి, కొందరిని కొట్టి, వారి తలవెండ్రుకలు పెరికినట్లు ఆయనయే వ్రాసికొనెను. ఆ భాగము చదివి నేను సిగ్గుపడితిని. నేను ఎవని వెండ్రుకలను పెరుకలేదు. కాని మైకు ముందర ఒక పిల్లవానికి చేసినది దానికంటె తక్కువ కాదు. వెండ్రుకలు మరల మొలచును.

అదే గ్రంథములో ఎనిమిదవ అధ్యాయము కలదు. అక్కడ ఎజ్రా నీటి గుమ్మము ఎదుటి వీధిలో కొయ్య వేదికపై నిలిచి ధర్మశాస్త్రము చదువును. లేవీయులు జనుల నడుమ నిలిచి, చదివినదానికి అర్థము చెప్పుదురు. జనులు గ్రహించి ఏడ్తురు. ఏడువవద్దని, ఇంటికి పోయి భోజనము చేసి, ఏమియు లేనివారికి పంపుడని వారితో చెప్పుదురు. ఒకే గ్రంథమున రెండు మార్గములు: ఒకటి వెండ్రుకలు పెరుకుట, రెండవది ప్రక్కన నిలిచి అర్థము చెప్పుట. భాష నిలుపుటకు మనలో పెక్కురు మొదటి మార్గమునే పట్టుచున్నాము. అది కోపమును నిలుపును గాని భాషను నిలుపదు.

మరునాడు సాయంకాలము ఆ పిల్లవాని ఇంటికి పోతిని. లైన్లలో ఇల్లు. వాకిట వాని అవ్వ కూర్చుండెను. కండ్లు సరిగా కనబడవు. ఆమె భర్త గనిలో పని చేసి ఊపిరితిత్తుల జబ్బుతో చాల ఏండ్ల క్రిందటనే పోయెను. ఆమెకు చదువు రాదు. కాని కీర్తనలు నూటికి పైగా నోటికి వచ్చును. ఏ పాట ఎత్తినను చివరి చరణమువరకు తప్పక పాడును. నేను కూర్చుండి, “అవ్వా, పిల్లవాడు గుడికి రావడం లేదు. తప్పు నాది. వానితో మాట్లాడదామని వచ్చినాను” అంటిని.

ఆమె లోపలికి చూచి, “ఒరే అబ్బోడా, అయ్యగారు వచ్చినారు, ఆ బుక్కు తే” అని పిలిచి, నా వైపు తిరిగి, “వానికి మన అచ్చరాలు రావు గానీ అయ్యా, పాట వచ్చు. నేను చెప్పతా ఉంటే వాడు రాసుకొంటాడు” అనెను.

పిల్లవాడు తల యెత్తకయే ఒక బడి నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టెను. తెరచి చూచితిని. పుటల నిండ తెలుగు కీర్తనలు, కన్నడ అక్షరములలో. ఒక్క మాటయు విడువలేదు. కొన్ని మాటల ప్రక్కన చిన్న అక్షరములతో కన్నడములో అర్థము. అర్థము తెలియనిచోట ప్రశ్న గుర్తు. నేను మైకు ముందర తెలుగు రాదని నవ్విన పిల్లవాడు, అప్పటికే 40 పాటలు వ్రాసికొని యుండెను.

నేను వానికి క్షమాపణ చెప్పితిని. వాడు, “పర్లేదు అయ్యగారూ” అనెను. పరవాలేదని పిల్లలు అన్నంతమాత్రమున పెద్దల బాధ్యత తీరిపోదు. అందరి యెదుట చేసిన తప్పును అందరి యెదుటనే దిద్దుకొనవలెను. మరుసటి ఆదివారమున అదే మైకు ముందర నిలిచి, నేను చేసినది పాపమని చెప్పి, ఆ పిల్లవానిని, సంఘమును క్షమాపణ వేడితిని. ఆదివారములు పెక్కింట క్షమాపణను గూర్చి బోధించితిని. అడుగుట అంత కష్టమని ఆనాడు తెలిసికొంటిని.

ఆ నోటుబుక్కు మాకు త్రోవ చూపెను. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలని మీరెల్లరు ఎరుగుదురు. కొన్ని శతాబ్దముల క్రిందటి వరకు ఈ రెంటికిని ఒకే లిపి. శాసనములు చదువువారు దీనిని బాగుగా చెప్పగలరు. తలకట్టు వంపు, కొన్ని అక్షరముల రూపు తప్ప వరుస ఒకటే, గుణింతము ఒకటే, ఒత్తులు ఒకటే. ఒకటి చదువగలవానికి రెండవది నేర్చుట క్రొత్త భాష నేర్చుట కాదు. చుట్టము ముఖము గుర్తుపట్టుట. ఇది ఎరిగియుండియు ఇన్నాళ్లు మేమేల ఉపయోగించుకొనలేదో నాకు ఇప్పటికిని అర్థము కాదు.

పెద్దలు మరల కూడి మూడు సంగతులు తీర్మానించిరి. ఒకటి, ఆదివారము పాడు కీర్తనలను ఒక కాగితమున అచ్చువేసి, ఎడమవైపు తెలుగు లిపిలోను కుడివైపు కన్నడ లిపిలోను ఉంచుట. రెండు, ప్రసంగము తెలుగుననే యుంచి, ముగియగానే ఆ యువజనులలోనే ఒకరు దాని సారమును కన్నడములో ఐదు నిమిషములు చెప్పుట. మూడు, ఆరాధన తరువాత అరగంట సేపు అక్షరముల బడి: కన్నడ అక్షరము పట్టుకొని తెలుగు అక్షరమును చేరుట.

ఇది అందరికి నచ్చలేదు. కన్నడ లిపిలో తెలుగు పాట అచ్చువేయుట తెలుగును చంపుటయేయని కొందరనిరి. ఆ వాదమును నేను తేలికగా తీసివేయను. లిపి పోయిన తరువాత పుస్తకము పోవును. పుస్తకము పోయిన తరువాత మాట పలుచబడును. రెండు కుటుంబములు మమ్ము విడిచిపోయినవి. వాటిలో ఒకటి తిరిగి వచ్చెను, ఒకటి రాలేదు. ఆ ఖాళీ బల్లను చూచినప్పుడెల్ల నాకు బాధగానే యుండును. మార్పు వలన కలిగిన మేలును చెప్పునప్పుడు దాని వెలను కూడ చెప్పుట న్యాయము.

అక్షరముల బడిలో మొదట 19 మంది చేరిరి. వేసవి సెలవులు ముగియువరకు 11 మంది నిలిచిరి. యేడాది చివరకు ఆరుగురు తెలుగు బైబిలును తడబడక చదువగలిగిరి. ఆరుగురు! ఈ లెక్కను గొప్పగా చెప్పుకొనుటకు కాదు. కాని అంతకుముందు యేడు ఎందరు నేర్చిరని అడిగినచో, జవాబు సున్న. ఇంకొక సంగతి. ఆ బడిలో చేరినవారిలో ఒకామె పిల్ల కాదు. మా సంఘమునకు కోడలుగా వచ్చిన తమిళ సోదరి. ఆమెను ఇన్నేండ్లు మేము ‘అరవ కోడలు’ అని పిలిచితిమి గాని, మన మాట నేర్చుకొనెదవా అని ఎవ్వరును అడుగలేదు. అడుగగానే వచ్చి మొదటి బల్లపై కూర్చుండెను.

వర్షకాలము వెళ్లినపిదప కోత పండుగ జరిపితిమి. పొలములు లేని ఊరిలో కోత పండుగ ఏమిటని క్రొత్తవారు అడుగుదురు. మా ఊరి కోత ఎప్పుడును పాతాళమునుండియే. ఇప్పుడది కూడ లేదు. అయినను జనులు తమ కున్నది తెత్తురు: పెరటి గుమ్మడికాయ, కోడిగ్రుడ్లు, కోలారు సంతలో కొన్న టమాటాలు. ఈ యేడు ఆ కొయ్యపని పెద్దాయన ఒక పాత గుడ్డలో చుట్టి ఏదియో తెచ్చి బల్లమీద పెట్టెను. విప్పి చూడగా, ఆయన గనిలో తలకు కట్టుకొనిన దీపము. వేలమునకు దానిని పెట్టవద్దని చెప్పి, ఆ పిల్లవానిని పిలిచి వాని చేతి కిచ్చెను. ఏమియు మాటలాడలేదు.

క్రిస్మసునకు ముందు మా అవ్వ కన్నుమూసెను. సమాధి యొద్ద పాట ఎత్తవలసినది ఎప్పుడును ఆమెయే. ఇప్పుడు ఎవరెత్తవలెనో తెలియక అందరును ఒకరి ముఖ మొకరు చూచిరి. పిల్లవాడు జేబులోనుండి ఆ నోటుబుక్కు తీసి, ఆమె చెప్పి వ్రాయించిన పాట ఎత్తెను. పెద్దలు అందుకొనిరి. వాని అక్క అందుకొనెను. ఆ తమిళ కోడలు అందుకొనెను. చివరి చరణము పెద్దలలో సగము మందికి జ్ఞాపకము లేదు. వాని పుస్తకములో నుండెను. అక్షరము కన్నడమైనను, ఆ పాట ఆనాడు తప్పిపోకుండుటకు కారణము అదియే.

క్రిస్మసు ఆరాధనలో వాక్యభాగము చదువుటకు వానినే మరల పిలిచితిని. ముందుగా అడిగి, వాడు ఒప్పుకొనిన తరువాతనే పిలిచితిని. వాడు తెలుగు బైబిలే తెరచెను. వరుస క్రింద వ్రేలు పెట్టి, ఒక్కొక్క మాట కూడబలుకుచు, మెల్లగా చదివెను. ఆలస్యమయ్యెను. సంఘమంతయు వేచియుండెను. ఎవ్వరును నవ్వలేదు. ముగియగానే వెనుకబల్లనుండి ఆ పెద్దాయన “ఆమేన్” అనెను.

ఎజ్రా గ్రంథములో ఒక సంగతి కలదు. చెరనుండి వచ్చినవారు క్రొత్త మందిరమునకు పునాది వేసినప్పుడు, పూర్వపు మందిరమును చూచిన వృద్ధులు గట్టిగా ఏడ్చిరి. దానిని చూడని యువజనులు సంతోషముతో కేకలు వేసిరి. ఏది ఏడ్పో, ఏది సంతోష శబ్దమో జనులు తెలిసికొనలేకపోయిరి. మా యేడాది అట్టిదే. ఆ రెండు ధ్వనులును ఒకే పునాది చుట్టు వినవచ్చుటయే ముఖ్యము. ఏడ్చువారు వేరుగా, కేకలు వేయువారు వేరుగా పోయినచో మందిరము లేవదు.

ఇక ఈ సభకు సంబంధించిన మాట. నా సంఘము వలెనే మీ ఇండ్లును, మీ భజన మందిరములును, మీ మసీదులును ఇదే ప్రశ్న నెదుర్కొనుచున్నవి. సోలాపురమునకు నేతపనికి పోయినవారు, ముంబయికి కట్టడపు పనులకు పోయినవారు, బరంపురములోనున్నవారు, మనము: అందరి పిల్లలును ఇంట ఒక మాట, బడిలో మరియొక అక్షరము నేర్చుచున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఒక్క కర్ణాటకములోనే తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 35 లక్షలకు పైబడి యున్నారు. చెప్పుకొన్నవారిలో చదువగలవారెందరు అను లెక్క మన ఇండ్లలో మనమే తీయవలెను.

రాజ్యాంగములోని 350ఏ అధికరణము, 1956లో చేర్చబడినది, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభింపజేయుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. దానికై అడుగుట మన హక్కు. మన సమాజము అడుగుచునే యుండవలెను. కాని ప్రభుత్వము పంతులును ఇయ్యగలదు గాని అవ్వను ఇయ్యలేదు. బడి తెరచునంతవరకు పిల్లవాడు ఎదగకుండ ఆగడు. అరగంటయు, ఒక నల్లబల్లయు, కోపము లేని మనిషి ఒకడును ఉన్నచో పని ఆరంభింపవచ్చును.

మరియొక మాట. మన భాషను నిలుపుకొనుటకు ఇరుగుపొరుగు భాషతో వైరము అవసరము లేదు. యిర్మీయా ప్రవక్త బబులోనులో చెరలోనున్న తన జనులకు ఉత్తరము వ్రాసెను. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, మీరున్న పట్టణపు క్షేమము కోరి దానికొరకు ప్రార్థింపుడి, దాని క్షేమమే మీ క్షేమము అను భావము ఆ ఉత్తరమునందున్నది. మనము చెరలో లేము. ఇది మన ఇల్లే. అట్లైనచో ఆ మాట మనకు మరింత వర్తించును. కన్నడము మా పిల్లల చదువు, మా అన్నము. దానిని ప్రేమించిన పిల్లవాడే మాకు తెలుగు పాటను వ్రాసి నిలిపెను.

మన గ్రంథముల చరిత్రయు ఇదియే చెప్పును. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చయినది తెలుగు దేశములో కాదు, వంగదేశములోని శ్రీరాంపురములో. మా కీర్తనకారులలో అగ్రగణ్యులైన పురుషోత్తమ చౌదరిగారు 1803లో జన్మించినది నేటి ఒడిశాలోని పర్లాకిమిడి ప్రాంతమున. తెలుగు అంచులలో పుట్టిన పాటనే తెలుగు నడిబొడ్డున పాడుచున్నారు. అంచునున్నవారము మనము తక్కువవారము కాము. వస్త్రము చినుగుట అంచుననే మొదలగును. దానిని గట్టిపరచునదియు అంచే.

చివరగా విశ్వాసమును గూర్చి. 1965లో మా ఛాంపియన్ రీఫ్ గనిలో, భూమికి 2 కిలోమీటర్లకు పైగా లోతున, శాస్త్రజ్ఞులు యంత్రములు పెట్టి న్యూట్రినో అను అతి సూక్ష్మ కణముల జాడ కనుగొనిరి. అవి కంటికి కనబడవు. రాయిని, మనిషిని దాటి పోవుచుండును. పైన సందడి యెక్కువ గనుక, వాటిని పట్టుటకు అంత లోతునకు దిగవలసి వచ్చెను. మేము బంగారము కొరకే దిగితిమి. అదే లోతున వారు కనబడనిదానిని చూచిరి. మా సంఘమునకు ఈ యేడు అట్లే జరిగెను. భాషను కాపాడుటకు దిగితిమి; ఒకరి నొకరు కనుగొంటిమి.

మా గని మూతపడినది. మా మందిరము మూతపడలేదు. వచ్చే యేడు ఎట్లుండునో నేను చెప్పలేను. ఆ పిల్లవాడును ఒకనాడు రైలెక్కును. నోటుబుక్కు వానితో పోవును. అది పోవుచోటికి మా పాటయు పోవుననియే నా నమ్మకము.

 దేవుడు మీ ఇండ్లను, మీ పిల్లలను, మీ నోటిమాటను దీవించునుగాక.